ఉడికిస్తే కూర, పచ్చిగా తాగితే విషం
చాయా మొక్కను పెరట్లో పెంచేవారు తెలుసుకోవలసిన పాఠం

మా వార్డులలో రోగుల దగ్గర ఉండే మీరందరూ ఒకరితో ఒకరు ఎన్నో విషయాలు మాట్లాడుకుంటారు. షుగర్‌కు ఏది మంచిది, రక్తం పట్టడానికి ఏ ఆకు తినాలి, ఏ రసం తాగితే కీళ్ళ నొప్పులు తగ్గుతాయి అని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి మాట వెళ్తుంది. అలా వినబడుతున్న పేర్లలో ఒకటి చాయా ఆకు. మిద్దె తోటలు పెంచేవారి దగ్గర నుంచి, నర్సరీల నుంచి, ఫోనులో చూసిన వీడియోల నుంచి ఈ మొక్క మన పెరళ్ళలోకి వస్తోంది.

ఇది తినదగిన ఆకే. మంచి బలమైన ఆకు కూడా. అయితే పచ్చిగా ఉన్నప్పుడు ఇందులో విషం ఉంది. ఈ రెండు మాటలూ నిజమే. మొదటి మాట మాత్రమే విని రెండవది వినకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ పాఠం. దయచేసి చివరి వరకు చదవండి. చదవడం రానివారు పక్కన ఉంటే వారికి చదివి వినిపించండి.

1. ఏమిటీ మొక్క?

చాయా మన దేశపు మొక్క కాదు. మెక్సికో దేశంలోని యుకటాన్ ప్రాంతం, గ్వాటెమాలా, బెలీజ్ దేశాలు దీని పుట్టిల్లు. అక్కడి మాయా జాతి ప్రజలు తరతరాలుగా దీనిని ఆకుకూరగా వండుకుంటున్నారు. మన ఆముదం, కర్ర పెండలం, అడవి ఆముదం ఏ కుటుంబానికి చెందినవో ఇది కూడా అదే కుటుంబానికి చెందినది. ఆకు చూడడానికి చిన్న బొప్పాయి ఆకులాగా, వేళ్ళు చాచిన చెయ్యిలాగా ఉంటుంది. కొమ్మ తుంచితే తెల్లటి పాలు కారతాయి. వదిలేస్తే మనిషి ఎత్తు దాటి గుబురు పొదగా పెరుగుతుంది. ఎండకు తట్టుకుంటుంది, పురుగు తక్కువ, ఏడాది పొడవునా ఆకు ఇస్తుంది. అందుకే పెంచేవారికి ఇష్టం.

పేరు దగ్గరే ఒక జాగ్రత్త చెప్పాలి. మన నిజామాబాద్, బోధన్ వైపు టీని చాయ అంటాము. ఈ మొక్క పేరు విని ఇది చాయ పత్తి చెట్టు అనుకునే ప్రమాదం ఉంది. ఇది చాయ పత్తి కాదు. దీని ఆకును ఎండబెట్టి చాయలో వేసుకోకూడదు. ఎండబెట్టినంత మాత్రాన, పొడి చేసినంత మాత్రాన విషం పోయిందని అనుకోకూడదు.

2. ఆకులో విషం ఎలా దాగి ఉంది?

ఇది అర్థం కావాలంటే మన జొన్న చేనునే గుర్తు చేసుకోండి. ఆర్మూర్, బాల్కొండ వైపు ఎర్రజొన్న వేసే రైతులకు, పశువులు మేపేవారికి నాము సంగతి తెలుసు. లేత జొన్న మొలకలను, కోసిన తర్వాత మోళ్ళ నుంచి వచ్చే పిలకలను, వాన లేక వాడిన లేత పైరును పశువు మేస్తే కొద్దిసేపట్లోనే పడిపోయి చనిపోతుంది. అదే జొన్న ముదిరి చొప్ప అయ్యాక నిశ్చింతగా వేస్తాము. నాములో పశువును చంపేది సైనైడ్ అనే విషం. చాయా ఆకు నుంచి పుట్టే విషం కూడా అదే. కర్ర పెండలంలో ఉండేదీ అదే.

ఆకులో ఈ విషం సిద్ధంగా కూర్చుని ఉండదు. పసుపు, సున్నం వేరువేరు గిన్నెలలో ఉన్నంత సేపు పసుపు పసుపే, సున్నం సున్నమే. రెండూ కలిస్తే ఎర్రటి పారాణి అవుతుంది. చాయా ఆకు కణాలలో కూడా రెండు పదార్థాలు వేరువేరు అరలలో ఉంటాయి. ఆకును నలిపినా, నమిలినా, మిక్సీలో వేసినా ఆ అరలు చిట్లి రెండూ కలుస్తాయి. అప్పుడు హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. పచ్చి ఆకులను మిక్సీలో వేసి, వడగట్టి, వెంటనే తాగితే ఏమవుతుంది? విషాన్ని మన చేతులతో తయారు చేసి తాగినట్టే. ఆకు పప్పులో ఉడికించుకున్న ఇంటివారికి ఏమీ కాకపోవచ్చు. అదే చెట్టు ఆకుతో రసం తీసి తాగిన పక్కింటివారు ఆసుపత్రికి రావలసి రావచ్చు. తేడా చెట్టులో లేదు, వాడిన పద్ధతిలో ఉంది.

సైనైడ్ ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుంది? మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్‌ను రక్తం ప్రతి కణానికి చేరుస్తుంది. కణం ఆ ఆక్సిజన్‌ను వాడుకోకుండా సైనైడ్ అడ్డుపడుతుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా శరీరం ఊపిరాడనట్టు అయిపోతుంది. మెదడు, గుండె ముందుగా దెబ్బతింటాయి.

కొద్దిపాటి సైనైడ్‌ను మన శరీరం విరిచి మూత్రం ద్వారా పంపగలదు. ఆ పనికి మాంసకృత్తుల నుంచి వచ్చే గంధకం కావాలి. సరిగా తిండి లేక నీరసించినవారికి, చిన్న పిల్లలకు ఆ శక్తి తక్కువ. అంటే బలం కోసం ఆకు ఎవరికి ఇవ్వాలని మనం ఆరాటపడతామో, తప్పుగా వండితే ముందుగా హాని జరిగేది వారికే.

3. "ఒకసారి తాగితే ఏమీ కాలేదు కదా?"

ఇలా అడిగేవారు ఉంటారు. మెక్సికోలో కొందరు అనాస పండుతో కలిపి చాయా పచ్చి రసం తాగుతారు, ఆ వీడియోలు మీరూ చూసి ఉండవచ్చు. అయినా మన ఆసుపత్రి మాట ఒక్కటే: వద్దు. ఎందుకంటే విషం మోతాదు ప్రతి చెట్టుకూ ఒకేలా ఉండదు. రకాన్ని బట్టి, ఆకు వయసును బట్టి మారుతుంది. మీ పెరట్లో ఉన్నది ఏ రకమో మీకు తెలియదు. తాగేవారి బరువు, ఆరోగ్యం కూడా ఒకేలా ఉండవు. ఆరోగ్యంగా ఉన్న వ్యక్తి ఒక గుక్క తాగడం వేరు, షుగర్‌తో కిడ్నీలు దెబ్బతిన్న మన రోగి రోజూ గ్లాసెడు తాగడం వేరు.

కొద్దికొద్దిగా రోజూ ఒంట్లోకి పోయే సైనైడ్ కూడా హాని చేస్తుంది. దీనికి ప్రపంచం చూసిన ఉదాహరణ ఉంది. 1981లో ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశంలో, నంపులా రాష్ట్రంలో, తీవ్రమైన కరువు వచ్చింది. అక్కడివారి ముఖ్య ఆహారం చేదు కర్ర పెండలం. ఆ దుంపను బాగా ఎండబెట్టి విషం పోయాక తినాలని వారికి తెలుసు. కానీ ఆకలి ఆగనివ్వలేదు. సరిగా ఎండకుండానే తిన్నారు. పక్కన పప్పు లేదు, చేప లేదు, మాంసం లేదు. వెయ్యిమందికి పైగా కాళ్ళు బిగుసుకుపోయి నడవలేని స్థితికి వచ్చారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. వైద్యులు ఆ జబ్బును కొంజో అంటారు. ఒకసారి వచ్చిన ఆ పక్షవాతం తిరిగి నయం కాదు.

ఇంకొక సంగతి. సైనైడ్‌ను శరీరం విరిచినప్పుడు పుట్టే పదార్థం థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. అందుకే థైరాయిడ్ ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి. ఇంట్లో అయోడిన్ ఉప్పే వాడాలి.

4. మంచి గుణాలు ఎంత, పొగడ్త ఎంత?

న్యాయంగా చెప్పాలంటే చాయా ఆకులో పోషకాలు బాగా ఉన్నాయి. 100 గ్రాముల పచ్చి ఆకులో 5 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. పాలకూరలో అంత ఉండవు. కాల్షియం, ఇనుము, విటమిన్ ఎ, విటమిన్ సి కూడా ఉన్నాయి. ఉడికించినప్పుడు విటమిన్ సి కొంత పోతుంది. అది పోయినా నష్టం లేదు, విషం పోవడం ముఖ్యం. కూర దించాక నిమ్మకాయ పిండుకుంటే సరిపోతుంది.

అయితే మన మునగాకులో 100 గ్రాములకు 6 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉన్నాయి, కాల్షియం పుష్కలంగా ఉంది. మునగ చెట్టు మన ఊళ్ళో ఏ వాడకు వెళ్ళినా కనబడుతుంది. దానికి ఇన్ని నియమాలు లేవు. తోటకూర, పుంటికూర, కరివేపాకు సంగతీ అంతే. కాబట్టి "చాయా లేకపోతే బలం లేదు" అనే మాట నిజం కాదు. ఇంట్లో పాకే పిల్లలు, మతిమరుపు వచ్చిన ముసలివారు ఉంటే, కట్టేసిన మేకలు ఉంటే, చాయా నాటే చోట ఒక మునగ కొమ్మ నాటడమే మంచిది.

షుగర్ విషయం కూడా స్పష్టంగా చెబుతున్నాము. చాయా షుగర్‌ను తగ్గిస్తుందని చెప్పుకుంటారు. ఈ ఆకును నమ్ముకుని ఇన్సులిన్ గాని, మాత్రలు గాని మానేయవద్దు. మానేసినవారు కాలి పుండ్లతో, స్పృహ తప్పి రావడం మేము నర్సులం చూస్తూనే ఉంటాము.

రక్తం తక్కువ ఉన్న అక్కచెల్లెళ్ళకు ఒక మాట. రోజంతా వంగి కూర్చుని బీడీలు చుట్టే మీకు అలసట, తల తిరగడం ఉంటే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఆకుకూరలలోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు పూర్తిగా వాడండి. ఆకుకూర ఆ మాత్రలకు తోడు మాత్రమే, బదులు కాదు.

5. నాటాలనుకుంటే ఎక్కడ, ఎలా?

అన్నీ తెలుసుకుని నాటాలనుకునేవారు ఈ పద్ధతి పాటించండి.

కొమ్మ: చాయాను విత్తనంతో కాదు, కొమ్మతో పెంచుతారు. బోధన్ వైపు చెరకు వేసినవారికి ముచ్చెలు నాటడం కొత్త కాదు. 2015 డిసెంబరులో మూతపడక ముందు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన పెద్దలు ప్రతి ఇంటా ఉన్నారు. అయితే ఒక తేడా ఉంది. చెరకు ముచ్చెను పచ్చిగానే నాటుతాము. చాయా కొమ్మను కోశాక పాలు కారడం ఆగి, కోసిన చోటు ఆరేదాకా కొన్ని రోజులు నీడలో ఉంచాలి. ముదురు కొమ్మను జానెడు పొడవున తీసుకోవాలి.

నేల: నిజాంసాగర్ కాలువ కింద మన నల్లరేగడి భూములలో నీరు నిలుస్తుంది. నీరు నిలిస్తే ఈ కొమ్మ కుళ్ళిపోతుంది. కాబట్టి మట్టిని ఎత్తు చేసి, లేదా కుండీలో ఇసుక, ఎరువు కలిపి నాటండి.

చోటు: ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఇంటి వెనుక, పెద్దల కళ్ళ ముందు ఉండే చోట నాటండి. దారి పక్క కంచెగా, బడి గోడ పక్కన, పొలం గట్టు మీద నాటవద్దు. దారిన పోయే మేక, గేదె, బడి పిల్లలు దాని నియమం చదువుకుని రారు. అడవి ఆముదం కంచెల పక్కన అసలే వద్దు. రెండింటి ఆకులు చూపులో కొంత దగ్గరగా ఉంటాయి, రెండింటికీ పాలు ఉంటాయి. అడవి ఆముదం తినే మొక్క కాదు. దాని గింజలు తిన్న పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

కత్తిరింపు: చెట్టును మీ ఛాతీ ఎత్తుకు మించి పెరగనివ్వకండి. కోసిన కొమ్మలను పశువుల కొట్టం దగ్గర పడేయవద్దు. ఒక్కసారి సగానికి మించి ఆకు కోయవద్దు, చెట్టు నీరసిస్తుంది.

చేతులు: కొన్ని రకాలకు దురదగొండిలాగా కుట్టే సన్నని నూగు ఉంటుంది. అటువంటి మొక్కను ఇంట్లో పెంచనే వద్దు. నూగు లేని రకమైనా చేతికి తొడుగు గాని, ప్లాస్టిక్ కవరు గాని వేసుకుని కోయండి. పాలు కంట్లో పడితే వెంటనే ఎక్కువ నీళ్ళతో కడగండి.

గుర్తు: చెట్టుకు ఒక పలక కట్టండి. దాని మీద "చాయా. పచ్చిగా తినరాదు. 20 నిమిషాలు ఉడికించాలి" అని రాయండి. చదవడం రానివారికి చెప్పి గుర్తు పెట్టించండి.

6. వండే పద్ధతి

1) లేత ఆకులు, మధ్యస్థంగా ఉన్నవి కోసి, కాడలు తీసి, బాగా కడగండి.

2) ఆకును తరిగిన కత్తి, పీట వెంటనే కడగండి. తరిగిన పచ్చి ఆకును పిల్లలకు అందేలా పెట్టవద్దు. రుచి చూడవద్దు.

3) స్టీలు గంజులో గాని, మట్టి కుండలో గాని ఆకు పూర్తిగా మునిగి ఇంకా పైకి ఉండేంత నీళ్ళు పోసి మరిగించండి. సిల్వర్ గిన్నెలు అని మనం పిలిచే అల్యూమినియం గిన్నెలు వాడవద్దు. ఈ ఆకును వాటిలో వండితే విరేచనాలు అవుతాయని ఎప్పటి నుంచో వండుకునే దేశాలవారు చెబుతారు.

4) నీళ్ళు తెర్లుతున్నప్పుడు ఆకు వేయండి. మూత పెట్టవద్దు. సైనైడ్ ఆవిరితో పాటు గాలిలోకి పోవాలి. మూత పెడితే, కుక్కర్‌లో పెడితే అది తిరిగి గిన్నెలోకే వస్తుంది. కిటికీ, తలుపు తీసి ఉంచండి. గిన్నె మీదికి ముఖం వంచి ఆవిరి పీల్చవద్దు.

5) గడియారం చూసి 20 నిమిషాలు తెర్లనివ్వండి. "రంగు మారింది, మెత్తబడింది, చాలు" అనుకోవద్దు. ఆకు మెత్తబడడం వేరు, విషం పోవడం వేరు.

6) ఆ నీళ్ళు వంచి పారబోయండి. పోషకాలు పోతాయని చారులో కలపవద్దు. మిగిలిన విషపు పదార్థం ఆ నీళ్ళలోకే దిగుతుంది. పశువుల కుడితి గోళెంలో కూడా పోయవద్దు.

7) పిండిన ఆకును పప్పులో వేసుకోండి, లేదా ఎల్లిపాయ, ఎండుమిర్చి పోపు పెట్టి వండుకోండి. పక్కన పప్పు, గుడ్డు, పెరుగు వంటి మాంసకృత్తుల ఆహారం ఉండాలి.

ఉడికించకుండా నూనెలో వేయించినా, బజ్జీలు వేసినా, రొట్టె పిండిలో కలిపినా, పచ్చడి నూరినా సరిపోదు. ఆ వంటలు ఏవైనా చేయాలంటే ముందు పై పద్ధతిలో ఉడికించి, నీళ్ళు వంచిన ఆకునే వాడాలి.

మొదటిసారి రెండు చెంచాల కూర మాత్రమే తిని చూడండి. తర్వాత కూడా వారానికి ఒకటి రెండుసార్లు, మనిషికి ఒక పిడికెడు ఉడికిన ఆకు చాలు. రోజూ తినవలసిన అవసరం లేదు.

7. ఎవరు తినకూడదు?

ఆసుపత్రిలో ఉన్న రోగికి ఇంటి నుంచి టిఫిను కట్టి తెచ్చేవారు ఈ భాగం రెండుసార్లు చదవండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 5 సంవత్సరాల లోపు పిల్లలు దీనికి దూరంగా ఉండడం మంచిది. వారికి వేరే ఆకుకూరలు చాలా ఉన్నాయి.

కిడ్నీ జబ్బు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు డాక్టరును అడగకుండా ఏ ఆకుకూరా ఎక్కువగా తినకూడదు. ఆకుకూరలలోని పొటాషియం వారి గుండెకు ప్రమాదం.

గుండె కవాటం మార్చుకుని రక్తం పలచబడే ఎసిట్రోమ్, వార్ఫరిన్ వంటి మాత్రలు వేసుకునేవారు ముదురు ఆకుపచ్చ ఆకులను ఒక్కసారిగా పెంచకూడదు. అందులోని విటమిన్ కె మాత్రల పనిని తగ్గిస్తుంది.

థైరాయిడ్ ఉన్నవారు, కాళ్ళు చేతులు తిమ్మిర్లు, నరాల బలహీనత ఉన్నవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి.

గొట్టం ద్వారా ఆహారం తీసుకునే రోగికి ఏ ఆకు రసం కూడా మీకు మీరుగా పోయవద్దు.

8. మల్టీవిటమిన్ మొక్క గురించి కూడా

నర్సరీలలో చాయా పక్కనే అమ్మే ఇంకొక పొద ఉంది. చక్రముని అని, మల్టీవిటమిన్ మొక్క అని పిలుస్తారు. చిన్న చిన్న ఆకులు, కాడకు ఇరువైపులా వరుసగా ఉంటాయి. దక్షిణ భారతంలో, మలేసియా, ఇండోనేసియా దేశాలలో దీనిని కూరగా వండుకుంటారు. ఇందులో ఉన్నది సైనైడ్ కాదు. కానీ దీని కథ కూడా పచ్చి రసం దగ్గరే చెడింది.

1994-95లో తైవాన్ దేశంలో బరువు తగ్గుతారనే మాట నమ్మి ఎంతోమంది, ముఖ్యంగా స్త్రీలు, ఈ ఆకు పచ్చి రసాన్ని వారాల తరబడి రోజూ తాగారు. మెల్లగా ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తులలోని అతి సన్నని గాలి గొట్టాలు మూసుకుపోయాయి. రసం మానేసినా, మందులు వాడినా అవి తిరిగి తెరుచుకోలేదు. కొందరు చనిపోయారు. కొందరికి ఊపిరితిత్తుల మార్పిడి చేయవలసి వచ్చింది. కూరగా తినే ఆకును మందుగా మార్చి, కొద్దిగా తినేదాన్ని గ్లాసులతో తాగితే ఏమవుతుందో ఇది చూపిస్తుంది. ఈ ఆకునైనా అప్పుడప్పుడు, కొద్దిగా, వండుకునే తినాలి. రసం తాగకూడదు. ఆస్తమా, టి.బి. వచ్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు తినకపోవడమే మేలు.

9. పొరపాటున తింటే ఏం చేయాలి?

లక్షణాలు: తలనొప్పి, తల తిరగడం, కడుపులో నొప్పి, వాంతులు, గుండె దడ, ఆయాసపడుతూ వేగంగా ఊపిరి తీయడం, అయోమయంగా మాట్లాడడం. విషం ఎక్కువైతే ఫిట్స్ వచ్చి స్పృహ తప్పుతుంది. ఇవి నిమిషాలలో మొదలు కావచ్చు, కొన్ని గంటల తర్వాత కూడా కనబడవచ్చు.

చేయవలసినవి:

వెంటనే 108కి ఫోను చేయండి, లేదా దొరికిన బండిలో దగ్గరి ఆసుపత్రికి తీసుకురండి. లక్షణాలు వచ్చేదాకా చూద్దామని ఇంట్లో కూర్చోవద్దు.

స్పృహ లేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పోయవద్దు.

ఆ చెట్టు కొమ్మను ఆకులతో సహా కవరులో వేసి తెండి. ఏ మొక్క తిన్నారు, ఎంత తిన్నారు, ఎప్పుడు తిన్నారు అనేది డాక్టరుకు చెప్పండి. "ఏదో ఆకు పసరు" అని చెబితే సరైన విరుగుడు ఆలస్యమవుతుంది.

చేయకూడనివి:

ఉప్పునీళ్ళు తాగించి గాని, గొంతులో వేలు పెట్టి గాని వాంతి చేయించవద్దు. చింతపండు రసం, మజ్జిగ, నిమ్మరసం పోస్తూ కాలం పోగొట్టవద్దు. ఇంటివారు తిడతారని, డాక్టరు కోప్పడతారని నిజం దాచవద్దు. మేము ఎవరినీ తప్పుపట్టడానికి అడగము, ప్రాణం కాపాడడానికే అడుగుతాము.

10. కొమ్మతో పాటు మాట కూడా ఇవ్వండి

ఈ మొక్క పుట్టిన దేశంలో తల్లి పక్కన నిలబడి కూతురు దీనిని ఉడికించడం నేర్చుకుంటుంది. మన దగ్గరికి కొమ్మ మాత్రం వచ్చింది, ఆ తల్లి మాట దానితో రాలేదు. నాము సంగతి మనకు ఎవరు చెప్పారు? బడిలో చెప్పలేదు. పశువును విప్పేటప్పుడు "లేత జొన్నలోకి పోనీయకు" అని తాత చెప్పాడు, నాయన చెప్పాడు. ఆ ఒక్క మాట ఎన్నో పశువులను కాపాడింది. చాయా విషయంలో అటువంటి మాట చెప్పే తాత మన ఊళ్ళో ఇంకా లేడు. ఆ పని ఇప్పుడు మనమే చేయాలి.

కాబట్టి పక్కింటివారు కొమ్మ అడిగితే, "పచ్చిగా వద్దు, మూత లేకుండా 20 నిమిషాలు, నీళ్ళు పారబోయాలి" అని చెప్పి ఇవ్వండి. వారి చేత తిరిగి చెప్పించుకోండి. ఇల్లు అద్దెకు ఇచ్చినా, ఇల్లు అమ్మినా చెట్టు గురించి వచ్చేవారికి చెప్పండి. మీరు గల్ఫ్‌కు గాని, బిడ్డ దగ్గరికి హైదరాబాద్‌కు గాని వెళ్తుంటే ఇంట్లో మిగిలినవారికి చెప్పండి. చెప్పడానికి ఎవరూ లేకపోతే చెట్టును తీసేసి వెళ్ళండి.

మీకు మీరే జవాబు చెప్పుకోండి

1. చాయా ఆకును మిక్సీలో వేసి రసం తాగితే ప్రమాదం ఎందుకు ఎక్కువ?
2. ఉడికించేటప్పుడు మూత ఎందుకు పెట్టకూడదు?
3. ఉడికించిన నీళ్ళు కుడితిలో ఎందుకు పోయకూడదు?
4. మీ ఇంట్లో ఈ ఆకు తినకూడనివారు ఎవరెవరు?
5. మీ పక్కింట్లో ఈ మొక్క ఉందా? ఉంటే, ఈ పాఠం వారికి ఎప్పుడు చెబుతారు?

ఐదవ ప్రశ్నకు జవాబు "ఈ వారమే" అయితే ఈ పుస్తకం అచ్చు వేసిన పని నెరవేరినట్టే. సందేహం ఉంటే వార్డులో ఉన్న సిస్టరును అడగండి. ఆకు పేరు తెలియకపోతే కొమ్మ తెచ్చి చూపించండి. తినడానికి ముందే తెండి, తిన్న తర్వాత కాదు.